పురుగు పేరు చెప్పరేం మేడమ్?

పొలం గట్టు మీద: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మేడమ్ గారూ, హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి వచ్చి నాన్నగారి నాలుగెకరాలు చేస్తున్నాను. స్వర్ణ రకం వరి వేశాం. వ్యవసాయ శాఖవాళ్ళు ఊళ్ళో పొలంబడి (చేలోనే రైతులకు నడిపే బడి) పెడితే కొన్నాళ్ళు వెళ్ళాను. దుబ్బులో దొరికిన పురుగును పట్టుకెళ్ళి ఇదేమిటని అడిగితే, అధికారి పేరు చెప్పకుండా 'ఎక్కడ దొరికింది? ఏం చేస్తోంది?' అని నన్నే ఎదురడిగారు. తర్వాత చార్టు మీద స్కెచ్ పెన్నులతో బొమ్మలు గీయించారు. ఫోన్లో ఫొటో పెడితే నిమిషంలో పేరొస్తుంది. పురుగుమందుల కొట్టాయన డబ్బా చేతికిస్తాడు. పాతికమంది మధ్య ఉదయమంతా కూర్చోవడం అవసరమా?
– ఓ యువరైతు, తణుకు దగ్గర

జవాబు: బాబూ, నీ ఉక్రోషం నాకు కొత్తేం కాదు. వ్యవసాయ శాఖలో ఉన్నన్నాళ్ళూ ఆ విసుగు మాటలు పడ్డదాన్నే. పేరు చెప్పొద్దని మాకు శిక్షణలోనే నేర్పారు. పేరు చెప్పామంటే మీ తర్వాతి మాట 'ఏ మందు కొట్టాలి?' అనే కదా.

నీకు దొరికిన పురుగు ఎలా ఉందో రాయలేదు. సన్నగా, పచ్చగా, పొడుగు మీసాలతో దుబ్బు మొదట్లో చకచకా పరిగెత్తేదైతే మాత్రం డబ్బా మూత తీయకు. అది మిరిడ్ నల్లి. వరి దుబ్బు మొదట్లో చేరి రసం పీల్చేసే సుడిదోమ గుడ్లు తిని బతుకుతుంది. కొత్తవాళ్ళు దాన్ని చూసి పచ్చదోమ అనే చెడ్డ పురుగనుకుంటారు. పచ్చదోమ ఉండేది ఎక్కువగా ఆకుల మీద, కదిపితే పక్కకు జరిగి ఎగిరిపోతుంది. ఫొటోలో రెండూ పచ్చగానే కనిపిస్తాయి. ఎక్కడ దొరికింది, ఏం చేస్తోంది అని ఆయన అడిగింది అందుకే.

ఈ పద్ధతి మన మండలాల్లో పుట్టింది కాదు. ఇండోనేషియాలో సుడిదోమ వరిని ఊడ్చిపెట్టేస్తే, మందు ఎంత కొడితే దోమ అంత పెరుగుతోందని తెలిశాక, 1986లో అక్కడి ప్రభుత్వం వరిలో 57 రకాల పురుగుమందులను నిషేధించింది. మరి మందు మానేసి రైతు ఏం చేయాలి? ఆ ప్రశ్నకు జవాబుగా 1989లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థతో కలిసి జావాలో రైతు క్షేత్ర పాఠశాలలు మొదలుపెట్టారు. మన దగ్గర పొలంబడి అంటున్నది దాన్నే. కొట్టేకొద్దీ దోమ ఎందుకు పెరుగుతుందంటే, అది గుడ్లు కాండాన్ని చుట్టుకున్న ఆకు తొడుగు లోపల పెడుతుంది. మందు వాటికి తగలదు. పైన తిరిగే నల్లులూ సాలీళ్ళూ చస్తాయి. వారం పది రోజుల్లో పొదిగిన పిల్లలకు అడ్డెవరూ ఉండరు. సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులతో ఈ ముప్పు మరీ ఎక్కువ. మీ కొట్టాయన ఇచ్చిన డబ్బా మీద సైపర్‌మెత్రినో డెల్టామెత్రినో ఉందేమో ఒకసారి చూసుకో.

సరే, ఇవన్నీ ఫోన్లోనూ వినొచ్చు. గుంపు ఎందుకు?

నేను నడిపిన ఒక పొలంబడి సంగతి చెబుతాను. కుండీలో వరి దుబ్బు పెట్టి, చుట్టూ దోమతెర కట్టి, లోపల కొన్ని సుడిదోమలనూ ఒక సాలీడునూ వదిలాం. మర్నాడు తెర విప్పితే దోమలు చాలావరకు లేవు. నేను సంబరపడుతుంటే, ఎప్పుడూ నోరు మెదపని ఒక పెద్దాయన 'సాలీడే తిన్నదని ఏంటమ్మా నమ్మకం? తెర సందుల్లోంచి పోయుండొచ్చుగా' అన్నాడు. పక్కనున్న కుర్రాడు 'అయితే సాలీడు లేకుండా ఇంకో కుండీ పెడదాం' అన్నాడు. పెట్టారు. అందులో దోమలు అలాగే ఉన్నాయి. ప్రయోగం ఎలా చేయాలో నేను ఏళ్ళ తరబడి చదివింది వాళ్ళిద్దరూ గట్టు మీద నిలబడే కనిపెట్టారు. ఒంటరిగా ఉన్నవాడికి ఆ అనుమానం రాదు, వచ్చినా ఎదురడిగేవాడు ఉండడు.

బొమ్మలూ అంతే. నడుమ వరి దుబ్బు, ఒక పక్క చెడ్డ పురుగులు, ఇంకో పక్క మేలు చేసేవి, పైన ఎండో మబ్బో, కింద నీళ్ళు. అది గీయాలంటే ముందు జట్టులోని ఐదుగురూ మడిలో ఐమూలగా నడిచి, వంగి, దుబ్బు తట్టి, నీళ్ళ మీద పడ్డవాటిని లెక్కపెట్టాలి. ఆపైన ఒకరు లేచి 'ఈ వారం మందు కొట్టం, ఎందుకంటే...' అని అందరి ముందూ చెప్పాలి. ఆ 'ఎందుకంటే' దగ్గర తడబడతావు చూడు, నేర్చుకునేది అక్కడే. కొట్టాయన ముందు ఆ అవసరమే రాదు.

ఇంకో సంగతి. సుడిదోమ కనబడితే ముందు చేయాల్సింది నీళ్ళు తీసి చేను ఆరగట్టడం. మీ డెల్టాలో నీరు మడిలోంచి మడిలోకి పోతుంది కదా. ఎగువ చేనాయన ఒప్పుకోకుండా నువ్వొక్కడివే ఆరగట్టగలవా? ఆయన కూడా నీ జట్టులో కూర్చుని నీతోపాటు దోమలు లెక్కపెట్టి ఉంటే ఆ మాట అడగడం తేలిక.

అన్ని పొలంబడులూ ఇలా ఉంటాయని మాత్రం అనను. కొన్నిచోట్ల సంతకాలూ, ఫొటోలూ, సమోసాలతో సరి. చెట్టు కింద కరపత్రం చదివి పంపించేస్తుంటే మొహమాటపడక మానెయ్. మీ అధికారి మడిలో దింపి ప్రశ్నలడుగుతున్నారంటే పని తెలిసినాయనే. ఈ పంట కోతదాకా వెళ్ళు. పొలంబడిలో పోల్చి చూడ్డానికి ఉంచిన మందు కొట్టిన మడి, కొట్టని మడి దిగుబడులు పక్కపక్కన తూచేటప్పుడు నువ్వు అక్కడ ఉండాలి.

ప్రశ్న: మా ఆయన లారీ మీద పోతారు. నాట్ల నుంచి కోతల దాకా నేనే చూసుకుంటాను. పొలంబడిలో పేరు మాత్రం ఆయనది. గుంపులో అందరూ మగవాళ్ళే. నేను వెళ్ళొచ్చా?
– ఒక సోదరి, మండపేట

జవాబు: వెళ్ళొచ్చా ఏమిటమ్మా, వెళ్ళాల్సింది నువ్వే. కలుపు తీసేటప్పుడు దుబ్బు మొదలు దాకా వంగేది ఆడవాళ్ళే, దోమ ముందు కనబడేదీ వాళ్ళకే. ఒక్కదానివే వెళ్ళకు. నీలాగే చేలు చూసుకునేవాళ్ళను ఇద్దరు ముగ్గుర్ని వెంటబెట్టుకెళ్ళి, మాది వేరే జట్టు అని అధికారికి చెప్పండి. కలిపి కూర్చోబెడితే స్కెచ్ పెన్ను మగవాళ్ళ చేతుల్లోకి పోతుంది, లేచి మాట్లాడేదీ వాళ్ళే అవుతారు. నేను చాలాచోట్ల చూశాను. పిల్లల్ని బడికి పంపే వేళ కుదరకపోతే గంట ఆలస్యంగా పెట్టమనండి, సాధారణంగా పెడతారు. పేరు మార్పించుకోవడం కూడా మొదటిరోజే అడుగు, తర్వాత అడగాలంటే మొహమాటమొస్తుంది.