ల్యాబ్‌లో గ్రోత్ హార్మోన్ 0.05 వస్తే లోపం ఉన్నట్టేనా?

అక్కా, రెండో కాన్పులో రక్తం బాగా పోయిందని, అప్పటి నుంచి నీరసం, పొట్ట పెరగడం తగ్గట్లేదని రాశారు. నల్లగొండ ల్యాబ్‌లో గ్రోత్ హార్మోన్ 0.05 వచ్చింది, ఇంజక్షన్లు మొదలుపెట్టాలా అని అడిగారు. ఆ ఒక్క నంబరు చూసి మాత్రం మొదలుపెట్టకండి. ఈ హార్మోన్ రోజంతా ఒకే తీరుగా ఉండదు, విడతలు విడతలుగా వస్తుంది, ఎక్కువగా రాత్రి గాఢనిద్రలో. పగటిపూట రక్తం తీస్తే ఏ జబ్బూ లేని మనిషికి కూడా దాదాపు సున్నా రావచ్చు.

నా ముచ్చట చెప్తా. మాది మిర్యాలగూడ దగ్గర, సాగర్ ఎడమ కాల్వ కింద వరి. నాట్లకు ముందు ఒడ్డు చెక్కుతుంటే రక్తపింజర కరిచింది. కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ దాకా పోయి బయటపడ్డాను. రెండేళ్లకు మొదలైంది అసలు బాధ. వైశాఖంలో కూడా దుప్పటి కావాలి, లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి. ఒకరోజు యూరియా బస్తా భుజానికి ఎత్తుకోబోయి గట్టు మీదనే కూలబడ్డాను. ఒక దవాఖానలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పని చేయించే హార్మోన్) ఒక్కటే చూసి థైరాయిడ్ బాగుందన్నారు. ఏడాదిన్నర అట్లనే గడిచింది.

హైదరాబాద్‌లో ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) మొదట అడిగిందే, ఎప్పుడైనా పాము కరిచిందా, తలకు దెబ్బ తగిలిందా అని. రక్తపింజర విషం మెదడు కింద ఉండి గ్రోత్ హార్మోన్ లాంటివి తయారుచేసే పిట్యూటరీ గ్రంథిని దెబ్బతీయగలదట, అది ఏళ్ల తర్వాత బయటపడొచ్చట. ఆ గ్రంథి దెబ్బతింటే టీఎస్‌హెచ్ నార్మల్‌గానే కనబడొచ్చు, థైరాయిడ్ తయారుచేసే ఫ్రీ టీ4 మాత్రం తక్కువ ఉంటుంది. నాకు అదే జరిగింది. పొద్దున 8 గంటల కార్టిసాల్ (ఒళ్లు ఒత్తిడిని తట్టుకోవడానికి కావాల్సిన హార్మోన్) కూడా తక్కువే.

మీకు ఇంకా ముఖ్యమైన మాట: కాన్పులో ఎక్కువ రక్తం పోయినా ఇదే గ్రంథి దెబ్బతినొచ్చు, దాన్ని షీహాన్ సిండ్రోమ్ అంటారు. ఆ కాన్పు తర్వాత పాలు పడ్డాయా? నెలసరి మళ్లీ వచ్చిందా? ఈ రెండూ డాక్టరుకు తప్పకుండా చెప్పండి. మన దగ్గర ఆడవాళ్లు వీటిని మనసులోనే పెట్టుకుంటారు, రోగం దాంట్లోనే దొరుకుతుంది.

గ్రోత్ హార్మోన్ చెప్తే లివర్ తయారుచేసే ఐజీఎఫ్-1 అనేది నాకు సరిహద్దులో వచ్చింది. అది నార్మల్ వచ్చినా లోపం లేదని చెప్పలేరు, తక్కువ వచ్చినంత మాత్రాన ఉందనీ చెప్పలేరు, ఎందుకంటే తిండి సరిగ్గా లేకపోయినా, లివర్ బాగలేకపోయినా తగ్గుతుంది. మూడు అంతకంటే ఎక్కువ పిట్యూటరీ హార్మోన్లు పోయి ఐజీఎఫ్-1 బాగా తక్కువుంటే వేరే పరీక్షే అక్కర్లేదు. నాకు రెండే పోయాయి కాబట్టి హార్మోన్‌ను రెచ్చగొట్టి చూసే పరీక్ష చేశారు. ఇన్సులిన్ ఇచ్చి షుగర్‌ను 40 లోపుకు దించి చేసేది ఒకటుంది, ఫిట్స్, గుండెజబ్బు ఉన్నవాళ్లకు చేయరు. నాకు దాని బదులు గ్లూకగాన్ అనే మందు ఇచ్చారు. పరగడుపున చేతికి క్యాన్యులా పెట్టి, కండకు సూది వేసి, అరగంటకోసారి రక్తం తీశారు, నాలుగు గంటలు. రెండో గంటలో కడుపులో తిప్పింది, నర్సమ్మ ట్రే పట్టుకుని పక్కనే కూర్చుంది. గ్రోత్ హార్మోన్ 3 కంటే పైకి పోవాల్సింది 0.8 దగ్గరే ఆగింది. అప్పుడు నిర్ధారణ అయింది.

ఇంకో సంగతి, ఇది ప్రాణానికి సంబంధించింది. కార్టిసాల్ తక్కువుండగా ముందు థైరాయిడ్ గోలీ మొదలుపెడితే ప్రమాదం. నాకు ముందు కార్టిసాల్ బదులు హైడ్రోకార్టిసోన్, తర్వాత థైరాయిడ్‌కు థైరాక్సిన్, ఆ రెండూ కుదురుకున్నాకే ఈ పరీక్ష. గ్రోత్ హార్మోన్ ఇంజక్షన్ చివరి మెట్టు, రోజూ వేసుకునేది, ఖర్చు కూడా ఎక్కువే. దానికోసం తొందరపడకండి. కానీ కార్టిసాల్ పరీక్ష ఈ వారంలోనే చేయించుకోండి. వాంతులు, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే ఆ పరీక్ష కోసం కూడా ఆగొద్దు, నేరుగా ఎమర్జెన్సీకి పోండి. ఆ కాన్పప్పటి డిశ్చార్జి కాగితం పెట్టెలో ఎక్కడున్నా వెతికి వెంట తీసుకెళ్లండి. ఎన్ని సీసాల రక్తం ఎక్కించారో దాంట్లో రాసుంటుంది.