ఆయన ఎందుకిలా చేశారని అందరూ నన్నే అడుగుతున్నారు

ప్రశ్న: తొమ్మిదేళ్లుగా ఒక పశువుల డాక్టరుగారి దగ్గర పనిచేస్తున్నాను. పేర్లు రాసుకోవడం, మందులు ఇవ్వడం, ఇంజెక్షన్ వేసేటప్పుడు కుక్కల్నీ పిల్లుల్నీ పట్టుకోవడం నా పని. మూడు వారాల కింద డాక్టరుగారు ఆత్మహత్య చేసుకున్నారు. అర్ధరాత్రి ఫోన్ చేసినా విసుక్కోని మనిషి. రోజూ ఎవరో ఒకరు వచ్చి ఆసుపత్రి తలుపు దగ్గర తమ కుక్క ఫోటోనో, పూలో పెట్టి వెళ్తున్నారు. నేను కనబడితే చాలు, ‘ఎందుకు చేశారు?’ అని అడుగుతున్నారు. అప్పులని కొందరు, ఇంట్లో గొడవలని కొందరు, తన కుక్క చనిపోయిందని ఆయన్ని అందరి ముందూ తిట్టిన ఒకావిడ వల్లేనని ఇంకొందరు అంటున్నారు. చివరి రోజు సాయంత్రం తాళాలు నా చేతికిచ్చి ‘నువ్వు లేకపోతే ఈ ఆసుపత్రి నడవదమ్మా’ అన్నారు. నవ్వేసి వచ్చేశాను. ఆ మాట వదలడం లేదు, నిద్ర పట్టడం లేదు. మావారేమో ‘మన చుట్టమా పక్కమా, ఎన్నాళ్లిలా?’ అంటున్నారు. పదకొండేళ్ల మా పాపకి గుండెపోటని చెప్పాం. వచ్చే ఆదివారం సంతాప సభ. నన్ను మాట్లాడమంటున్నారు. ఏం మాట్లాడను? ఆ తాళాలు ఇంకా నా సంచిలోనే ఉన్నాయి. — పేరు వద్దు

జవాబు: అమ్మా, ముందు ఆ సాయంత్రం దగ్గరికే వెళ్దాం. మీ మనసు ఆగిపోయింది అక్కడే.

తొమ్మిదేళ్లలో ఆయన ఎన్ని సాయంత్రాలు మీ చేతికి తాళాలిచ్చి ఉంటారు? రెండు వేలు దాటి ఉంటాయి. మెచ్చుకుంటూ ఓ మాట అన్న రోజులూ వాటిల్లో ఉండే ఉంటాయి. అవేవీ మీకిప్పుడు గుర్తు రావడం లేదు, ఈ ఒక్కటే తిరిగి తిరిగి వస్తోంది. తర్వాత ఏం జరిగిందో ఇప్పుడు తెలుసు కాబట్టి ఆ మాటకి ఇంత బరువు వచ్చింది. ఆ పూట మీకు వినబడింది మాత్రం, నమ్మకంగా పనిచేసే మనిషిని ఆ డాక్టరు మెచ్చుకోవడమే. అలాంటి మాటకి ఎవరైనా నవ్వుతారు.

అది వీడ్కోలేమో అంటారా? అయి ఉండొచ్చు, కాకపోయి ఉండొచ్చు. మీరూ నేనూ తేల్చగలిగింది కాదది. మనసు గురించి చదువుకున్నవాళ్లు కూడా ముందుగా చెప్పలేకపోతున్నారు. 50 ఏళ్లలో జరిగిన 365 అధ్యయనాలను కలిపి పరిశీలించి 2017లో ఒక సమీక్ష ప్రచురించారు. ఫలానా మనిషి ఆత్మహత్య చేసుకుంటారని ముందే పసిగట్టడంలో అన్ని దశాబ్దాల పరిశోధన కూడా గుడ్డిగా ఊహించడం కంటే పెద్దగా మెరుగ్గా లేదని అందులో తేలింది. మనసు బాగోలేక నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఒకరిని నేనూ ఇలాగే పోగొట్టుకున్నాను. అంతకు నాలుగు రోజుల ముందు ఎదురుగా కూర్చుని గంటసేపు మాట్లాడారు. ఆ రోజు నేను రాసుకున్న నోట్సు ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఒక్కోసారి ఒక్కో వాక్యం సైగలా కనిపించేది, ఇంకోసారి చదివితే అది మామూలు వాక్యమే. మీరు చదువుతున్నదీ అలాంటి కాగితమే. ఇకముందు కూడా చదువుతూనే ఉంటారు, ఒక్కసారిగా ఆగదది. కాకపోతే ఆ పని ఒక్కరే చేయకండి. ఆ సాయంత్రం గురించి ఒకరికి పూర్తిగా, మొదటి నుంచి చివరిదాకా చెప్పండి.

ఆ ఒకరు మీవారైతే బాగుంటుంది. ఆయన మాట కఠినంగా ఉంది, నిజమే. కానీ మూడు వారాలుగా నిద్రపోని భార్యని చూసి, ఏం చేయాలో తోచక అన్నమాటలా వినిపిస్తోంది నాకు. చుట్టాల చావుకి ఏడవడానికి అందరూ చోటిస్తారు. పనిచేసే చోట పోయిన మనిషి కోసం, అదీ ఆత్మహత్య అయినప్పుడు, ఏడిస్తే వింతగా చూస్తారు. నలుగురూ గుర్తించని ఇలాంటి దుఃఖం గురించి అమెరికాలో కెన్నెత్ డోకా అనే ఆయన 1989లోనే పుస్తకం తెచ్చారు. నలుగురూ ఒప్పుకోకపోతే ఆ దుఃఖం తగ్గదు, లోపలే ఉండిపోతుంది. మీవారితో ఇలా అనండి: ‘ఎన్నాళ్లో నాకూ తెలియదు. ఇవాళ ఒక పావుగంట నా పక్కన కూర్చుని విను, సలహా ఏమీ చెప్పకు.’ రోజులో మెలకువగా ఉన్న సమయంలో సగం మీరు ఆ డాక్టరుగారి పక్కనే గడిపారు. ఎన్నో ప్రాణాలు ఆయన చేతుల్లో నిలవడమూ పోవడమూ మీ చేతులతో పట్టుకుని మరీ చూశారు. ఆయన కోసం ఏడవడానికి చుట్టరికం అక్కర్లేదమ్మా.

ఇక ‘ఎందుకు’ అనే ప్రశ్న. అడిగేవాళ్లందరూ చెడ్డవాళ్లు కాదు. ఆయన అంతటివాడే అలా వెళ్లిపోతే మా సంగతేమిటన్న భయం చాలామందికి ఉంటుంది. ఒక కారణం దొరికితే, అది మా ఇంట్లో లేదు కదా అని ఊపిరి తీసుకోవచ్చు. అందుకే అప్పులంటారు, గొడవలంటారు. కానీ ఒక మనిషిని అక్కడిదాకా తోసేది దాదాపు ఎప్పుడూ ఒక్క కారణం కాదు. పైకి కనిపించని డిప్రెషన్, అలసట, నిద్రలేమి, సాయం అడగడానికి సిగ్గు, తాను అందరికీ భారమయ్యానన్న తప్పుడు నమ్మకం, ఇలా చాలా కలిసి ఒకానొక ఘడియలో మనిషిని ముంచుతాయి. ఆ ఘడియలో నొప్పి ఆగడం తప్ప ఇంకేదీ కనిపించదు. మీ బాధగానీ, ఇంట్లోవాళ్ల బాధగానీ అప్పుడు ఆయనకి ఆని ఉండకపోవచ్చు. మనమంటే ప్రేమ లేదని దానికి అర్థం కాదు.

ఆయన వృత్తిలో బరువు ఎక్కువన్నది మాత్రం వాస్తవమే. అమెరికాలో 1979 నుంచి 2015 దాకా చనిపోయిన పశువైద్యుల వివరాలు పరిశీలించినప్పుడు, ఆ మరణాల్లో ఆత్మహత్యల వాటా మామూలు జనంతో పోలిస్తే మగవాళ్లలో 2.1 రెట్లు, ఆడవాళ్లలో 3.5 రెట్లు ఉందని తేలింది. ఎందుకో మీకు వేరే చెప్పాలా? పొద్దున ఒక కుక్కపిల్లకి ప్రాణం పోసి, మధ్యాహ్నం ఇంకో ముసలి కుక్కని నొప్పి లేకుండా సాగనంపి, ఏడుస్తున్న యజమానిని ఓదార్చి, బయట కూర్చున్నవాళ్లని నవ్వుతూ లోపలికి పిలవాలి. డబ్బు లేదన్నవాళ్ల కోపం, ఆలస్యంగా తెచ్చినవాళ్ల కోపం ఆయన మీదే. అయినా ఇది కూడా ‘కారణం’ కాదు. ఆ పని చేసేవాళ్లలో అత్యధికులు దాన్ని మోస్తూనే బతుకుతున్నారు.

నాకు ఎక్కువ దిగులు కలిగించింది ఆ తిట్టిన ఆవిడ సంగతి. ఆవిడా తన కుక్కని పోగొట్టుకున్న మనిషి. దుఃఖంలో నోరు జారింది. ఇప్పుడు ఒక మరణాన్ని ఆవిడ మెడకి చుడుతున్నారు. ఆ మాటలు ఆవిడ చెవిన పడకుండా ఉండవు, ఆవిడ ఎలా ఉందో మనకు తెలియదు. మీ ముందు ఆ మాట వస్తే దయచేసి ఊరుకోకండి. ‘అలా ఒకరి మీద పెట్టకండి, అది నిజం కాదు, ప్రమాదం కూడా’ అని గట్టిగా చెప్పండి. మీరు చెబితే వింటారు. ‘ఎందుకు’ అన్నవాళ్లందరికీ జవాబివ్వాల్సిన బాధ్యత మీకు లేదు. ‘నాకు తెలియదండీ. నేనూ ఆయన్ని తలుచుకుంటూనే ఉన్నాను. మీ కుక్కని ఆయన దగ్గరికి మొదట ఎప్పుడు తెచ్చారు?’ అనండి. వాళ్లు నిజానికి చెప్పుకోవాలని వచ్చింది ఆ కథే.

పాపకి అబద్ధం చెప్పారు. తప్పుపట్టను, ఆ క్షణంలో చాలామంది అమ్మానాన్నలు చేసేదే అది. కానీ పదకొండేళ్ల పిల్లకి బడిలో ఎవరో ఒకరు చెప్పేస్తారు, ఈపాటికే చెప్పి ఉండొచ్చు కూడా. అప్పుడు డాక్టరుగారి చావుతోపాటు అమ్మ అబద్ధం చెప్పిందన్న బాధనీ మోయాలి. ఆదివారంలోగా కూర్చోబెట్టి చెప్పండి: ‘ఆ రోజు నీకు గుండెపోటని చెప్పాను. అది నిజం కాదు. ఎలా చెప్పాలో తెలియక అలా అన్నాను, నాదే పొరపాటు. డాక్టరుగారు తన ప్రాణం తనే తీసుకున్నారు. ఆయన మనసుకి పెద్ద జబ్బు చేసింది, సాయం ఉందని ఆయనకి తోచలేదు. అందులో ఎవరి తప్పూ లేదు.’ ఎలా చేసుకున్నారన్న వివరాలు వద్దు. అడిగితే, ‘అది ఆయన ఇంటివాళ్ల సంగతి’ అంటే చాలు. ‘నువ్వూ అలా చేస్తావా అమ్మా’ అని పాప అడగొచ్చు, లేదా అడగకుండా లోపల పెట్టుకోవచ్చు. అడక్కపోయినా మీరే ఎత్తండి. మీకు దిగులుగా ఉందని, దానికి మీరు సాయం తీసుకుంటున్నారని చెప్పండి. అలా చెప్పాలంటే నిజంగా సాయం తీసుకోవాలి, ఆ మాటకి మళ్లీ వస్తాను.

సభ గురించి. మొదట డాక్టరుగారి భార్యని అడగండి, ఏ మాటలు వాడొచ్చు, ఏవి వద్దని. ఆవిడ ఒప్పుకుంటే, ఆత్మహత్య అన్న సంగతి దాచకుండా ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లండి. ఎక్కడ, ఎలా అన్నవి ఎవరూ మాట్లాడకూడదని నిర్వాహకులకు ముందే చెప్పండి. ‘ఇప్పటికి ఆయనకి శాంతి దొరికింది’ అన్న మాట మీరు అనొద్దు, ఇంకొకరిని అననివ్వొద్దు. ఆ సభలో ఎక్కడో వెనక కూర్చున్న ఒకరు తమ శాంతి కోసం వెతుకుతూ ఉండొచ్చు. పిరికివాడన్న మాట ఎంత తప్పో, అదో ధైర్యమన్నట్టు మాట్లాడటం కూడా అంతే తప్పు. ఇవి నా భయాలు మాత్రమే కావు. పత్రికలు మొదటి పేజీలో ఆత్మహత్య వార్తలు వేశాక అలాంటి మరణాలు పెరుగుతున్నాయని డేవిడ్ ఫిలిప్స్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1974లో చూపించారు. చావాలనిపించి, ఆ గడ్డుకాలాన్ని దాటి బతికినవాళ్ల గురించి రాసినప్పుడు మాత్రం ఆ సంఖ్య తగ్గుదల వైపు కనబడిందని 2010లో ఆస్ట్రియా పరిశోధకులు ప్రచురించారు. కాబట్టి మీ మాటల్లో ఆయన చావు కొంచెమే ఉండనీయండి, ఆయన పని ఎక్కువ ఉండనీయండి. భయపడ్డ కుక్కతో ఆయన ఏ గొంతుతో మాట్లాడేవారు? ఏ జంతువుని చూస్తే ఆయనకే భయం వేసేది? ఇవి మీకు తప్ప ఇంకెవరికీ తెలియవు. చివర్లో ఒక నంబరు చదవండి. భారతదేశంలో ఉన్నవాళ్లకి టెలీ మానస్, 14416. రాత్రీ పగలూ ఉంటారు, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. వేరే దేశంలో ఉంటే అక్కడి హెల్ప్‌లైన్ నంబరు ముందే కనుక్కుని రాసుకోండి. మాట్లాడుతుంటే గొంతు ఆగిపోతే ఆగిపోనివ్వండి. కాగితం మీద రాసుకుని, మీ బదులు చదివే మనిషిని పక్కన నిలబెట్టుకోండి. అసలు మాట్లాడలేననిపిస్తే మానేయండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇప్పుడు మీ సంగతి. మూడు వారాలు నిద్ర లేకుండా ఏ మనసూ సరిగ్గా ఆలోచించదు. ఈ వారంలోనే డాక్టరుకి చూపించుకోండి. ఒక ప్రశ్న సూటిగా అడుగుతున్నాను: మీకూ చచ్చిపోవాలనిపిస్తోందా? అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందని చాలామంది భయపడతారు, అలా జరగదు. నన్ను ఎవరో అడిగారన్న ఊరటే ఎక్కువమందికి కలుగుతుంది. మీ జవాబు అవును అయితే, ఇది చదవడం ఆపి, ఇప్పుడే పక్కనున్నవాళ్లకి చెప్పి, పైన ఇచ్చిన నంబరుకి ఫోన్ చేయండి. కాదు అయితే, ఇదే ప్రశ్నని ఇదే మాటల్లో మీతో పనిచేసే మిగతావాళ్లనీ అడగండి. ఎవరైనా తడబడితే వాళ్లని ఒంటరిగా వదలకండి.

తాళాల మాట మిగిలింది. వాటిని ఎవరి చేతో పంపించకండి. మీరే తీసుకెళ్లి ఆయన భార్య చేతికివ్వండి, వెళ్లేముందు ఫోన్ చేయండి, మీవారిని తోడు తీసుకెళ్లండి. ఏం మాట్లాడాలో తయారుచేసుకుని వెళ్లక్కర్లేదు. ఆవిడకి ఇంట్లో ఉన్న డాక్టరుగారు తెలుసు, ఆసుపత్రిలో ఆయన పగళ్లు ఎలా గడిచేవో తెలిసింది మీకు. ఆవిడ అడిగితే చెప్పండి. అడక్కపోతే కాసేపు కూర్చుని, మళ్లీ ఎప్పుడు రమ్మంటారో కనుక్కుని రండి.