కొండనాలుక చేయని పని

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను, భాష బాగుంది. కానీ "మింగేటప్పుడు కొండనాలుక శ్వాసనాళాన్ని మూసేస్తుంది" అన్న వాక్యం దగ్గర ఒళ్లు మండిపోయింది, అందుకే వెంటనే రాస్తున్నాను.

కొండనాలుక అంటే నోరు తెరిస్తే వెనకాల వేలాడుతూ కనిపించేది. మింగేటప్పుడు అది మెత్తటి అంగిలితో పాటు పైకి లేస్తుంది, అలా మూసేది ముక్కు వైపు దారిని. నువ్వు చెప్పాలనుకున్నది ఉపజిహ్విక, నాలుక మొదట్లో ఆకులా ఉండే మృదులాస్థి. అది కూడా ఒక్కతే కాపలా కాయదు. గొంతు మీద వేలు పెట్టి ఒక గుటక వేసి చూడు. స్వరపేటిక పైకి లేచి ముందుకు జరుగుతుంది, ఉపజిహ్విక దాని మీదకి వాలుతుంది, లోపల స్వరతంత్రులు దగ్గరికొచ్చి బిగుసుకుంటాయి, ఆ క్షణం ఊపిరి ఆగుతుంది.

శరీరం గురించి రాసేవాళ్లు ముందు తమ ఒంటిని తడిమి చూసుకోవాలి, కొలతలు ఆ తర్వాతే. అన్నవాహిక 25 సెంటీమీటర్లు అని రాశావు, సరే, మరి అది శ్వాసనాళానికి వెనక ఉంటుందని ఎక్కడా చెప్పలేదేం? పైన చూస్తే ముక్కు దారి వెనక, నోరు ముందు. కిందకి వచ్చేసరికి గాలి దారి ముందు, ముద్ద దారి వెనక. అంటే గ్రసనిలో, అదే ముక్కుకీ నోటికీ వెనకుండే గొంతు భాగంలో, ఆ రెండూ ఒకదాన్నొకటి దాటుకోవాలి. మనకి పొలమారేది అందుకే!

ఆ మాట మీద నాకో పాత కోపం ఉంది. నా మొదటి వ్యాసంలో 'పొలమారడం' కొట్టేసి ఒక ఎడిటర్ 'శ్వాసమార్గ అవరోధం' అని దిద్దాడు. అది తప్పు కూడా. పొలమారితే దగ్గు వస్తుంది, దారి పూర్తిగా మూసుకుపోతే దగ్గూ రాదు, మాటా రాదు.

పక్షవాతం వచ్చాక మా నాన్నకి నీళ్లు తాగితే పొలమారేది, చిక్కటివైతే దిగేవి. నాకేమో అర్థం కాక టెన్షన్. పల్చటి నీళ్లు వేగంగా జారిపోతాయనీ, స్వరపేటిక మూసుకునేలోపే లోపలికి వెళ్లిపోతాయనీ ఒక నర్సు ఆయన గొంతు మీద నా వేలు పెట్టించి చెప్పింది. అప్పటిదాకా నేను గొంతు గురించి మూడు వ్యాసాలు రాసి ఉన్నాను.

ఏ పత్రికకి పంపాలన్నది తర్వాత మాట్లాడదాం. ముందు ఆ పేజీ మళ్లీ రాసి నాకు పంపు.