పంటి ఇంప్లాంట్ మీద థ్రెడ్స్ మారితే ఎముకలో పట్టు ఎందుకు మారుతుంది?

పోయిన పన్ను చోట దవడ ఎముకలో బిగించే ఇంప్లాంట్లు అన్నీ టైటానియం స్క్రూలే కదా, థ్రెడ్ (స్క్రూ చుట్టూ తిరిగే మర) ఎలా ఉంటే ఏంటి అని ఒకరు అడిగారు. చాలా తేడా ఉందండి. పెట్టిన రోజు ఇంప్లాంట్ కదలకుండా పట్టుకునేది ఆ థ్రెడ్సే, ఎముక దానికి అతుక్కోవడానికి వారాలు పడుతుంది, అందులో మూడు నాలుగు వారాల దగ్గర పాత పట్టు తగ్గిపోయి కొత్త ఎముక ఇంకా గట్టిపడని టైమ్ ఒకటి వస్తుంది, అప్పుడు ఇంప్లాంట్ మరీ కదిలితే చుట్టూ ఎముక బదులు మెత్తటి పీచులాంటి కణజాలం పట్టేస్తుంది.

ఇక షేప్ సంగతి. ఎముక నొక్కితే బాగా తట్టుకుంటుంది, పక్కకి జారినట్టు లాగే బలానికి మాత్రం తేలిగ్గా లొంగిపోతుంది. వి ఆకారం థ్రెడ్ వాలుగా ఉంటుంది కాబట్టి నమిలినప్పుడు ఆ జారుడు బలం ఎక్కువ పడుతుంది, చదరపు థ్రెడ్ అయితే చాలావరకు నొక్కుడుగానే దింపుతుంది.

లోతు ఇంకా ముఖ్యం. పై దవడ వెనక భాగంలో ఎముక స్పాంజిలా ఉంటుంది, అక్కడ లోతుగా, దగ్గరదగ్గరగా ఉన్న థ్రెడ్స్ ఎక్కువ ఎముకని పట్టుకుంటాయి. కింది దవడ ముందు భాగం గట్టిది, అక్కడ అవే థ్రెడ్స్ బలవంతంగా తిప్పితే ఒత్తిడికి రక్తం అందక చుట్టూ ఎముక చచ్చిపోవచ్చు. పన్ను వెంటనే పెట్టాలంటే చాలామంది డాక్టర్లు ఇంప్లాంట్ బిగించేటప్పుడు టార్క్ (తిప్పడానికి పట్టే బలం) కనీసం 35 న్యూటన్ సెంటీమీటర్లు రావాలని చూస్తారు, కానీ బిగువు ఎంత పెరిగితే అంత మంచిదనుకోవడం మాత్రం తప్పు.