హైడ్రాలిక్ సిలిండర్ వెనక్కి వచ్చేటప్పుడు దబ్బున కొడుతుంటే ముందు పోర్టు లెక్క చూడండి

100 మిల్లీమీటర్ల బోరు (లోపలి వ్యాసం), 70 మిల్లీమీటర్ల రాడ్ ఉన్న సిలిండరుకు నిమిషానికి 30 లీటర్ల పంపు తీసి 60ది పెట్టిన, ఇప్పుడు వెనక్కి వచ్చేటప్పుడు దబ్బున కొడుతుంది, ఆయిల్ కాలుతుంది, కుషన్ స్క్రూ (చివర్ల పిస్టన్ వేగం తగ్గించే కుషన్‌ల ఆయిల్ దారిని సన్నం చేసే స్క్రూ) ఇంకా టైట్ చేయాల్నా అని అడిగినవ్ గదా తమ్మీ. స్క్రూ ముట్టుకోకు, ముందు పోర్టు (ఆయిల్ వచ్చే పోయే రంధ్రం) చూడు.

మనోళ్లు పంపు లీటర్లు చూసి పోర్టు పెడ్తరు. కానీ రాడ్ సైడు ఏరియా 40 చదరపు సెంటీమీటర్లే, వెనక సైడు 78.5, అంటే రాడ్ సైడుకు నిమిషానికి 60 లీటర్లు పోతుంటే వెనకనుంచి దగ్గరదగ్గర 118 లీటర్లు బయటికి రావాలె. నీది అర ఇంచు పోర్టు అన్నవ్, అండ్లకెళ్లి ఆయిల్ సెకనుకు 15 మీటర్ల స్పీడుతోని ఉరుకుతది, ఇగ కాలకేం చేస్తది. రిటర్న్‌ల నేనైతే 4 మీటర్లు దాటనియ్య. ముప్పావు ఇంచు పెట్టినా 7 దగ్గర్నే ఉంటది, ఇంచు పెడితేనే 4 లోపల. హోసు, వాల్వు గూడ ఆ 118కి సరిపోవాలె, ఒక్క పోర్టు పెంచితే ఫాయిదా లేదు.

ఇగ కుషన్. వెనక్కి స్పీడు ఇప్పుడు సెకనుకు 0.25 మీటర్లు, 0.1 దాటితేనే కుషన్ కావాలంటరు. స్పీడు డబల్ అయితే దెబ్బ నాలుగింతలు, అది అందరికీ ఎరుకే. ఎరుకలేనిది ఏందంటే, 400 కిలోల బరువైతే ఆ స్పీడుల శక్తి 12-13 జౌల్స్‌కు మించదు, కానీ పంపు ఆగదు గదా, 100 బార్ దగ్గర 4 టన్నులతోని తోస్తనే ఉంటది, 25 మిల్లీమీటర్ల కుషన్ పొడుగునా అది 1000 జౌల్స్. కుషన్ మింగాల్సింది దాన్ని. ఏనుమాముల దిక్కు ఒక జిన్నింగ్ మిల్లుల ఇట్లనే కొడుతుంటే సిలిండర్ విప్పినం, పిస్టన్ వెనక మొఖం మీద గుండ్రంగ గాటు పడ్డది, టై రాడ్ (సిలిండర్ రెండు మూతలను కలిపి బిగించే రాడ్) నట్లు చేత్తోని తిరుగుతున్నయ్. అక్కడ చివరి 50 మిల్లీమీటర్లకు లిమిట్ స్విచ్ (అక్కడికి రాంగనే సిగ్నల్ ఇచ్చే స్విచ్) పెట్టి ఆయిల్ తగ్గించినం, కుషన్‌కు పని తేలికైంది. నువ్వూ అట్లనే చెయ్.

తర్వాత స్క్రూ. పూర్తిగ బిగిస్తే ఆయిల్ పోనీకి దారుండదు, లోపల ప్రెషర్ రిలీఫ్ వాల్వు (ప్రెషర్ హద్దు దాటకుండ ఆపే వాల్వు) సెట్టింగును గూడ దాటి సీళ్లు పోతయ్. తక్కువ స్పీడుల నడిపి, కొంచెం కొంచెం తిప్పుకుంట చూడు. ప్రెషర్ ఉండంగ మాత్రం స్క్రూను బయటికి ఎక్కువ విప్పకు, తూటా లెక్క ఎగిరి వస్తది.