విండోస్‌లో ఉన్న క్యాక్టైని డెబియన్‌కి మార్చాలి, పాత గ్రాఫులు పోకూడదు. ఎలా?

ఒడిశాలోని గుణుపురం, పర్లాకిమిడి వైపు కేబుల్ ఇంటర్నెట్ నడుపుతున్నామని రాశారు. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సపోర్టు ఆగిపోయింది కాబట్టి అదే పీసీలో డెబియన్ (ఉచిత లినక్స్ సిస్టం) వేసి క్యాక్టై (నెట్‌వర్క్ ట్రాఫిక్‌ని గ్రాఫులుగా చూపే ప్రోగ్రాం) నడపాలని, పాత ట్రాఫిక్ గ్రాఫులన్నీ ఉండాలని మీ ప్రశ్న. ఉంటాయి. కానీ ఆ గ్రాఫుల డేటా ఉండే ఆర్ఆర్‌డీ ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టు కాపీ చేస్తే పనికిరావు.

ఆ ఫైలు లోపలి అమరిక అది తయారైన సిస్టంని బట్టి ఉంటుంది. రెండూ 64 బిట్లే కదా అనుకోవద్దు. సీ భాషలో ‘లాంగ్’ సంఖ్య 64 బిట్ విండోస్‌లో 4 బైట్లు, 64 బిట్ లినక్స్‌లో 8. అందుకే డెబియన్‌లో తెరిస్తే వేరే ఆర్కిటెక్చర్‌లో తయారైన ఫైలని ఎర్రర్ వస్తుంది. విండోస్ ఇంకా బతికి ఉండగానే, అక్కడి ఆర్ఆర్‌డీటూల్‌తోనే (ఆ ఫైళ్లను రాసే, చదివే ప్రోగ్రాం) ప్రతి ఫైలునీ ‘డంప్’ చేసి ఎక్స్ఎంఎల్‌గా తీయాలి. ఎక్స్ఎంఎల్ అసలు ఫైలుకంటే చాలా పెద్దదవుతుంది, జిప్ చేసి వేరే డిస్కులో పెట్టండి. డెబియన్‌లో ‘రిస్టోర్’ చేయండి. పాత విండోస్ వెర్షన్లు తీసిన డంపులో ఖాళీ విలువలు ‘ఎన్ఏఎన్’ (సంఖ్య కాదు అని అర్థం) బదులు హ్యాష్ గుర్తుతో వింత రాతగా పడవచ్చు. రిస్టోర్ మొరాయిస్తే ముందు వాటిని మార్చండి.

క్యాక్టై సెట్టింగులు, డివైస్ పేర్లు ఉండే మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌నీ డంప్ చేయాలి. ఆ డంపుని పవర్‌షెల్‌లో (విండోస్ కమాండ్ విండో) బాణం గుర్తుతో ఫైలుకి మళ్లించకండి. పాత పవర్‌షెల్ దాన్ని యూటీఎఫ్-16 అనే వేరే అక్షర రూపంలో రాస్తుంది, తెలుగులోనో ఒడియాలోనో పెట్టుకున్న డివైస్ పేర్లు చెడిపోతాయి. మైఎస్‌క్యూఎల్ డంప్‌కి ఉన్న ‘రిజల్ట్ ఫైల్’ ఆప్షనే వాడండి. డెబియన్‌లో ముందు పాత క్యాక్టై వెర్షనే వేసి, డేటా ఎక్కించి, అంతా నడిచాకే అప్‌గ్రేడ్ చేయండి. రెండూ ఒకేసారి చేస్తే తప్పు ఎక్కడుందో దొరకదు.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది గడియారం దగ్గర. విండోస్ మదర్‌బోర్డు గడియారంలో మన స్థానిక సమయం రాస్తుంది. లినక్స్ దాన్ని యూటీసీగా (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) చదివితే సిస్టం 5 గంటల 30 నిమిషాలు ముందుకి పోతుంది. ఆ స్థితిలో పోలర్ (డివైస్‌ల నుంచి లెక్కలు తెచ్చే క్యాక్టై భాగం) ఒక్కసారి నడిచినా ఆర్ఆర్‌డీలో రాబోయే సమయం పడిపోతుంది. తర్వాత టైం సరిచేసినా, ఆ సమయం దాటేదాకా ప్రతి అప్‌డేట్‌నీ ఆర్ఆర్‌డీటూల్ తిప్పికొడుతుంది. మళ్లీ ఎక్స్ఎంఎల్ నుంచి రిస్టోర్ చేయడమో, అంతసేపు ఆగడమో తప్ప దారి లేదు. కరెంటు పోయి వచ్చినప్పుడు లింకు ఆలస్యంగా లేచే చోట్ల అప్పటిదాకా నెట్ నుంచి టైం సరికాదు, కాబట్టి ఇది మరీ ముఖ్యం: సీఎంఓఎస్ బ్యాటరీ కొత్తది వేయండి, టైం సింక్ అయ్యాకే పోలర్ మొదలయ్యేలా పెట్టండి. పీహెచ్‌పీ (క్యాక్టై రాసిన భాష) టైంజోన్ ‘ఏషియా కోల్‌కతా’ అని రెండు చోట్ల రాయాలి. డెబియన్‌లో అపాచీకి (వెబ్ సర్వర్) ఒక ఇనీ ఫైలు (సెట్టింగుల ఫైలు), కమాండ్ లైనుకి ఇంకొకటి. చాలామంది మొదటిదే మార్చి వదిలేస్తారు.

క్యాక్టై సెట్టింగుల్లో పాత్‌ల పేజీ తెరిచి, సీ డ్రైవ్ దారులన్నీ తీసేసి లినక్స్ దారులు రాయండి, ఆపై పోలర్ క్యాష్ రీబిల్డ్ చేయండి. రిస్టోర్ రూట్‌గా (అడ్మిన్ యూజర్‌గా) చేసి ఉంటే ఫైళ్లను పోలర్ నడిచే యూజర్‌కి, అంటే డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటాకి అప్పగించాలి. లేకపోతే మార్చిన క్షణం నుంచి గ్రాఫు ఖాళీ. స్పైన్ (వేగంగా నడిచే పోలర్) వాడుతుంటే దానికి సెట్‌యూఐడీ రూట్ (ఎవరు నడిపినా రూట్ హక్కులతో నడిచే అనుమతి) ఇవ్వండి. ఐసీఎంపీ పింగ్‌కి (పరికరం బతికుందో లేదో చూసే పలకరింపు) ఆ హక్కు కావాలి, లేదంటే బాగున్న ఓఎల్‌టీలు (ఫైబర్ లైన్లు కలిసే పరికరాలు) కూడా డౌన్ అని చూపిస్తాయి. ఐపీ మారిస్తే స్విచ్చుల్లో, ఓఎల్‌టీల్లో ఎస్ఎన్ఎంపీ (పరికరాల లెక్కలు అడిగే పద్ధతి) అనుమతి జాబితాలో కొత్తది చేర్చండి.

మార్చే సమయంలో పోలింగ్ ఆగినంతసేపూ గ్రాఫులో ఖాళీ ఉంటుంది, దాన్ని పూడ్చలేం. హార్ట్‌బీట్ (అప్‌డేట్ రాకుండా ఆగే గరిష్ఠ సమయం) మామూలుగా 600 సెకన్లు కాబట్టి ఆ ఖాళీ తర్వాత తప్పుడు శిఖరం రాదు, మొదటి పోలింగ్‌కి గీత కూడా రాదు. 5 నిమిషాల పోలింగ్ అయితే రెండోసారి నడిచాక చూడండి. అప్పటికీ గీత రాకపోతే క్యాక్టై లాగ్ తెరిచి మొదట టైం ఎర్రర్, తర్వాత పర్మిషన్ ఎర్రర్ వెతకండి.