పొట్టివాళ్లు లూజు బట్టలు వేసుకోవచ్చా? అయిదించులు కోసి నేర్చుకున్నది

అడిగిన ప్రశ్న: "నా ఎత్తు 5 అడుగుల 3 ఇంచులు. ఇప్పుడందరూ వేస్తున్న లూజు చొక్కాలు, వెడల్పు ప్యాంట్లు నాకు నప్పుతాయా? ఎత్తు మడమల షూ వేస్తే సరిపోతుందా?"

వేసుకోండి, ఏం కాదు. నాదీ అదే ఎత్తు, పైగా ఛాతీ 40. హన్మకొండలో ఫిజిక్స్ పాఠాలు చెప్పుకుని బతికేవాడిని. బట్టల గురించి నాకేం తెలుసంటారా? ఇరవై ఏళ్లుగా సరిపోని చొక్కాలు కొన్నాను, ఆ మాత్రం చాలు.

తిరకాసు లూజులో లేదు. చొక్కా ఎక్కడిదాకా వచ్చి ఆగుతుందన్న దాంట్లో ఉంది. రెడీమేడ్ చొక్కాల్లో ఛాతీ పెరిగినకొద్దీ పొడవూ పెంచుకుంటూ పోతారు. లావుగా ఉన్నోడు పొడుగ్గా కూడా ఉంటాడని వాళ్లకు ఎవరు చెప్పారో! నేను 40 తొడిగితే సగం తొడల దాకా వస్తుంది. పైన గోనెసంచి, కింద రెండు పుల్లలు. షోరూం అద్దంలో ఇది తెలియదు. దాన్ని కొంచెం వెనక్కి వాల్చి పెడతారు, అందులో అందరం ఆరడుగులే.

మా ఇంట్లో తాత ఫొటో ఒకటుంది. ఆయన నాకంటే రెండించులు తక్కువ, ఫొటోలో మాత్రం తాడిచెట్టు. ఎందుకా అని ఒకరోజు దగ్గరికెళ్లి చూశాను. దోతి బొడ్డు మీదికి కట్టాడు, అంగి నడుము దాటి నాలుగు వేళ్లు దిగి ఆగింది. అంతే, మిగతాదంతా కాళ్లే. తలకు రుమాలు చుట్టాడు, అదో నాలుగించులు అదనం.

ఇంకేం, 29 ఇంచుల పొడవున్న కాటన్ చొక్కా పట్టుకుని వరంగల్ బట్టల బజార్ పక్క సందులో ఆల్టరేషన్ చేసే అన్న దగ్గరికి పోయాను. అయిదించులు తీసెయ్, కింద గుండ్రం వద్దు, సమానంగా మడిచి పక్కలకు చిన్న చీలికలు పెట్టు అన్నాను. టేపు మెడలో వేసుకుని నన్ను కింది నుంచి మీదికి చూశాడు.

"సార్, అంగి కోయమంటున్నరా, జాకిట్ కుట్టమంటున్నరా?"

"నువ్వు కొయ్యన్నా."

"ఒక్కపారి కోస్తే మల్ల అతకది. నీళ్లల్ల తడిపిండ్రా?"

రెడీమేడే కదా, తడిపేదేంటని దబాయించాను. అక్కడే దెబ్బ తిన్నాను. కత్తెర పడ్డాక కింది గుండీ ఆ ముక్కతో పాటే పోయింది. జేబు కింద జానెడు బట్ట మిగిలింది. ఆ పూట అద్దంలో నిజంగానే బాగున్నాను. మొదటి ఉతుకుకి ఇంకో ఇంచు పైగా ముడుచుకుంది.

దాన్నే వేసుకుని కరీంనగర్ బస్సెక్కాను. సీటు లేదు. పైన రాడ్ పట్టుకున్నానో లేదో, పొట్ట బయటపడింది. ముందు సీట్లో కూర్చున్న ఒక అవ్వ నన్నే చూస్తూ, "ఏం కొడుకా, తమ్ముని అంగి ఏస్కొచ్చినవా?" అంది. కండక్టర్‌తో సహా అందరూ నవ్వారు. ఎల్కతుర్తి దాటేదాకా ఒక చేత్తో రాడ్, ఒక చేత్తో చొక్కా అంచు.

తప్పు చొక్కాది సగమే. మిగతా సగం పొట్ట కింద కట్టే ప్యాంటుది. అది కనిపెట్టినవాడెవడో గానీ మాలాంటి పొట్టివాళ్ల మీద పగ పట్టినోడే. మళ్లీ అదే అన్న దగ్గర బొడ్డు దగ్గర ఆగే ప్యాంటు కుట్టించాను, ముందు రెండు ప్లీట్లు, కింద బాటమ్ 18 ఇంచులు. ఇంకో చొక్కా రాత్రంతా నానబెట్టి, ఆరబెట్టి, ఈసారి మూడున్నరే కోయించాను. కాలేజీలో ముగ్గురు "సన్నబడ్డరా సార్?" అన్నారు. గ్రాము కూడా తగ్గలేదు. (దసరా ముందు మాత్రం టైలర్ దగ్గరికి పోకండి. బతుకమ్మకు కట్టుకునే చీరల జాకిట్ల కుప్పలో మీ ప్యాంటు దీపావళికి గానీ తేలదు.)

అడ్డగీతలు వేస్తే ఇంకా పొట్టిగా కనిపిస్తామని అందరూ అంటారు, నేను నమ్మను. 19వ శతాబ్దంలోనే జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్జ్ చెప్పాడు: సమానమైన రెండు చదరాలు గీసి, ఒకదాన్ని అడ్డగీతలతో, ఇంకోదాన్ని నిలువు గీతలతో నింపితే, అడ్డగీతలదే పొడుగ్గా, సన్నగా కనిపిస్తుంది. బోర్డు మీద గీసి చూపిస్తే మా పిల్లలు ఒప్పుకున్నారు. అమ్మ ఒప్పుకోలేదు. నా అడ్డగీతల చొక్కా చూసి "కొత్తవాడ జంపఖానా లెక్కున్నవ్" అంది. 2018లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకని ఇచ్చే ముద్ర, తెచ్చుకున్న వరంగల్ జంపఖానా అది, పొగడ్త కిందే రాసుకున్నా.

ఇక షూ సంగతి. పిల్లల్ని రామప్పకు తీసుకెళ్తే గైడ్ మదనికల్లో (గుడికి చెక్కిన ఆడవాళ్ల శిల్పాలు) ఒకామె కాళ్లకున్న ఎత్తు మడమ చెప్పులు చూపించాడు. 1213 నాటి గుడి. కాబట్టి మీరేం కొత్త పని చేయట్లేదు, వేసుకోండి. కాకపోతే ఆమె చీలమండల దగ్గర ప్యాంటు మడతలు కుప్ప పడి లేవు. ముందు పొడవు కోయించండి, షూ తర్వాత.

ఆ బస్సు చొక్కా పారేయలేదు. ఏడో తరగతి చదివే మావాడు లాక్కున్నాడు. భుజాలు మోచేతుల దాకా వేలాడుతున్నాయి. ఓవర్‌సైజ్ అంట.